చాప దగ్గర మనిషి

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు అరవై మూడో ఏట వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ చేయి ఆగి ఆలోచిస్తుంది. ఈ కాసిని కాగితాలకు రెండు నెలలు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇది మా పక్క బ్లాకులో ఉండే ఒకావిడ సంగతి. ఆవిడ సరే అన్నాకే రాశాను. పేర్లు మాత్రం నేను పెట్టినవి.

మార్చి నెల బడి సెలవులకు కమలం నాలుగు రోజులు సెలవు అడిగి తీసుకుంది. వుడ్‌ల్యాండ్స్‌లో తిండి అంగళ్లన్నీ ఒకచోట ఉండే ఒక హాకర్ సెంటర్‌లో ఆమె పని. జనం తిని తెచ్చిపెట్టిన ట్రేల మీది ఎంగిలి దులపాలి, గిన్నెలు ఒకవైపు, చెంచాలు ఒకవైపు వేరుచేసి తొట్టెల్లో పేర్చాలి. ఆరేళ్లలో జ్వరం వస్తే తప్ప ఆమె సెలవు పెట్టలేదు. సూపర్‌వైజర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఏంటి ఆంటీ, హాలిడేనా?" అన్నాడు.

కమలం చేతులకున్న రబ్బరు తొడుగులు తీసి, "మనవలతో బయటికి" అంది. తొడుగులు పెట్టుకుని చెప్పే మాటలా అనిపించలేదు ఆమెకు.

మంగళవారం మెరీనా బ్యారేజ్. తెల్లవారుజామున లేచి నిమ్మకాయ పులిహోర కలిపింది, నెత్తళ్లు వేయించింది, గుడ్లు ఉడకబెట్టింది. కొడుకు సురేన్‌కి జురాంగ్ ఐలాండ్‌లో పని. అతనికీ ఆ వారం సెలవు దొరకడం అరుదైన సంగతి. కోడలు శర్మిల పిల్లలిద్దరికీ ఎండ తగలకుండా ముఖాలకు తెల్లగా క్రీము పూసింది. వర్షితకు తొమ్మిదేళ్లు, కౌశిక్‌కి ఐదు. రైల్లో కౌశిక్ గాలిపటాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరు పక్కన కూర్చున్నా "డోంట్ టచ్ హా" అని ముందే చెప్పాడు.

బ్యారేజ్ భవనం పైకప్పంతా పచ్చిక, గాలిపటాలు ఎగరేసే చోటు. జనం అప్పటికే చేరారు. కమలం నీడ ఎటు తిరుగుతుందో చూసుకుని చాప పరిచింది. నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టింది: అన్నం సంచి, నీళ్ల సీసాలు, శర్మిల హ్యాండ్‌బ్యాగు, సురేన్ బూట్లు. పిల్లలు చెప్పులు విడిచారు. అందరూ నిలబడ్డారు. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు.

"మీరెళ్లి రండి. నేనిక్కడ ఉంటాలే" అంది కమలం.

"సరే అయితే" అన్నాడు సురేన్. అందరూ వెళ్లారు.

గాలి అవతలి వైపు బాగుందని వాళ్లు అటు వెళ్లిపోయారు. కమలానికి పటాల తోకలు కనబడ్డాయి. ఎర్రది తమదే అనుకుని చాలాసేపు దాన్ని చూసింది. అది ఒక్కసారి జారి, మళ్లీ లేచి నిలబడితే ఊపిరి పీల్చుకుంది. తరవాత ఆ ఎర్ర పటాన్ని చుట్టుకుంటూ ఒక చీనా ముసలాయన చాప పక్కనుంచి వెళ్లాడు.

బుధవారం ఈస్ట్ కోస్ట్ పార్క్. ఇక్కడ వసంతం అని వేరే ఋతువు లేదు గానీ, మార్చిలో నాలుగు చినుకులు పడ్డాక ట్రంపెట్ చెట్లు ఆకు కనబడకుండా గులాబి రంగులో పూస్తాయి. జనం ఫోన్లు పట్టుకుని వాటి కింద నిలబడతారు. అలాంటి చెట్టు కిందే చాప పడింది. సముద్రం వంద అడుగుల దూరంలో, కానీ మధ్యలో సైకిళ్ల దారీ దాని పక్కన గుబురుగా పెంచిన మొక్కలూ అడ్డం.

"నేనిక్కడ ఉంటాలే" అంది కమలం. ఈసారి వాళ్లు నిలబడేలోపే అనేసింది.

కౌశిక్ అద్దె సైకిలెక్కి వంకర్లు తిరుగుతుంటే, "ఒరే, పడతావురా" అని కేకేసింది. పక్క చాప మీదున్న ఒకావిడ ఇటు తిరిగింది. పచ్చని ఒంటిరంగు, జరీ అంచు నేత చీర, కాళ్ల దగ్గర ఆరు జతల చెప్పులు.

"తెలుగువారా? ఎక్కడివారండీ?"

"మలేషియా అమ్మగారూ. తెలుక్ ఇంతాన్ దగ్గర పుట్టాను. పిల్లడి పని కోసం ఇక్కడికొచ్చాం."

"మాది అనకాపల్లి. ప్రసన్నలక్ష్మి అంటారు. మా అమ్మాయి అలేఖ్య దగ్గరికొచ్చి నెల్లాళ్లయింది."

"సింగపూర్ అంతా చూసేశారా మరి?"

"చూడకేం. చెప్పులు చూశాను, సంచులు చూశాను, నీళ్ల సీసాలు చూశాను. ఎక్కడికి తీసుకెళ్లినా అవే చూపిస్తున్నారు."

కమలానికి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రసన్నలక్ష్మి కూడా నవ్వింది గానీ ముందు ఆగింది ఆవిడే.

"ఇక్కడ హోటల్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేస్తే ఆ చోటు ఎవరూ ముట్టుకోరటగా?"

"అవునమ్మగారూ. చోప్ అంటారు."

"మరి మనల్నెందుకు పెట్టారంటారు?"

"అమ్మాయితో చెప్పొచ్చుగా మీరు?"

"ఏమని చెప్పను? నేనే అంటాను కదండీ, మీరెళ్లండమ్మా నేనుంటాను అని. అనకుండా ఉంటే ఏదోలా ఉంటుంది. మీరూ అన్నారు ఇందాక. విన్నాను."

కమలం చాప మీద పడిన పువ్వొకటి తీసి దులిపింది. "గుడ్డు తింటారా?" అంది.

"మేం తినమండి."

"పులిహోర?"

"అది పెట్టండి."

ఇద్దరూ తిన్నారు. గంటన్నర తరవాత పిల్లలు ఒంటినిండా ఇసుకతో పరిగెత్తుకొచ్చారు. వెనక సురేన్, శర్మిల నీళ్లోడుతున్న బట్టలు పిండుకుంటూ నవ్వుకుంటూ వచ్చారు. ఏదో జరిగింది, దానికింకా నవ్వుతున్నారు. కమలం పళ్లేలు పరిచి అన్నం వడ్డించింది. నవ్వెందుకో అడుగుదామనుకునేలోపే కౌశిక్ కంట్లో ఇసుక పడింది.

గురువారం వాన. ఉదయం ఆరింటికి మొదలై మధ్యాహ్నందాకా వదల్లేదు. జంతుశాలకు వెళ్దామనుకున్నది పోయింది. కమలం కిటికీ దగ్గర నిలబడి ఎదురు బ్లాకు గోడ మీంచి నీళ్లు జారడం చూసింది. నాలుగు రోజుల్లో మూడు అయిపోయాయి. శనివారం తెల్లవారి ఆరింటికి మళ్లీ ట్రేలు.

వర్షిత సోఫాలో బోర్లా పడుకుని స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుతోంది. జెల్లీఫిష్ అట, పళ్లెం అంత ఉందట, వాళ్ల అప్పా సురేన్ దాన్ని ప్లాస్టిక్ సంచి అనుకుని చేతికి తీసుకోబోయి అరిచాడట, కంగారులో అమ్మని కూడా నీళ్లలోకి లాగేశాడట. చెబుతూ దొర్లి దొర్లి నవ్వింది. వంటింట్లో వంకాయలు కోస్తున్న కమలం కత్తి ఆపి విన్నది. నిన్నటి నవ్వు ఇదన్నమాట.

ఫోన్ పెట్టేశాక పిల్ల నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చింది.

"జెల్లీఫిష్ ఎలాగుంటాదే?" అంది కమలం.

"నానమ్మా, యూ వర్ దేర్ వాట్."

"నేను చాప దగ్గరున్నాను కదా."

వర్షిత గ్లాసు పట్టుకుని ఆలోచించింది. "నువ్వెందుకు ఎప్పుడూ రావు? అప్పా సెడ్ యూ డోంట్ లైక్ వాకింగ్. కాళ్లు నొప్పి, అందుకే కూర్చుంటావు అన్నారు."

కమలం తన కాళ్ల వంక చూసుకుంది. ఆ కాళ్లతో రోజుకు తొమ్మిది గంటలు ట్రేల బండి తోస్తుంది. బల్లల మధ్య అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు.

"ఎవరన్నారు నొప్పని?"

"నొప్పి లేదా?"

"లేదు."

"దెన్ వై?"

కమలం వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసింది. నల్లబడకుండా చేత్తో ముంచి పట్టుకుంది. "ఏమో" అంది చివరికి. తొమ్మిదేళ్ల పిల్లకు అబద్ధం చెప్పాలనిపించలేదు. నిజం ఏమిటో తనకే తెలియలేదు.

ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా గదిలో ఒక్కతే ఆ 'నేనుంటాలే' అనే మాటను మనసులో మడిచి పక్కన పెట్టింది. రేపు అనకూడదు. అంతే. వాళ్లు నిలబడతారు, తనూ నిలబడాలి. నోరు తెరవకూడదు.

శుక్రవారం తెల్లగా తెల్లారింది. కాల్డికాట్‌లో రైలు మారి బొటానిక్ గార్డెన్స్‌లో దిగారు. పెద్ద తోటలోనే విడిగా ఒక పిల్లల తోట ఉంది. దాని చుట్టూ కంచె, ముందు గేటు. గేటుకు ఇవతల పచ్చిక మీద కమలం చాప పరిచింది. మూలల్లో బరువులు పెట్టింది. పిల్లలు నీళ్లలో ఆడుకునే బట్టలు వేసుకున్నారు. అందరూ నిలబడ్డారు.

కమలం కూడా నిలబడింది.

శర్మిల జుట్టు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. సురేన్ ఫోన్ తీసి టైము చూసి జేబులో పెట్టుకున్నాడు. కౌశిక్ ఒంటికాలి మీద గెంతుతున్నాడు. వాళ్లేం వెళ్లిపోదామని తొందరపడటం లేదు, కమలాన్ని ఉండమనీ అనడం లేదు. రోజూ వినబడే ఒక మాట కోసం ఆగారు, అంతే. అది రాకపోతే ఎటు కదలాలో వాళ్లకు తెలియడం లేదు. ఎదురుగా కొడుకు మొహం, చిన్నప్పుడు అన్నం కలిపేదాకా కంచం ముందు కూర్చున్నట్టే ఉంది.

ఆ మొహం చూసి కమలం ఓడిపోయింది.

"వెళ్లండి. నేనుంటాలే" అంది.

"నీడలో కూర్చోండి అత్తా" అంది శర్మిల. గొడుగు తెరిచి చాప పక్కన పెట్టి మరీ వెళ్లింది. మంచి పిల్ల.

కమలం కూర్చుంది. గేటు లోపలినుంచి పిల్లల కేకలు, నీళ్లు చిమ్మే చప్పుడు. ఏ కేక కౌశిక్‌దో పోల్చుకోవాలని చూసింది. పదినిమిషాలయింది. సంచులు సర్దింది. సర్దినవి మళ్లీ సర్దింది. పక్క పచ్చిక మీద ఎవరిదో చాప ఉంది. దాని మీద ఒక బ్యాగు, ఒక కెమెరా కూడా ఉన్నాయి. దగ్గర మనిషి లేడు. ఎండ ఆ కెమెరా మీద మెరుస్తోంది. దారినపోయే వాళ్లెవరూ దానివైపు తల కూడా తిప్పడం లేదు.

కమలం లేచింది. గొడుగు మడిచి సంచుల మీద అడ్డంగా పెట్టింది. నాలుగు అడుగులు వేసి వెనక్కి చూసింది. చాప అక్కడే ఉంది. ఇంకో నాలుగు అడుగులు వేసింది.

గేటు దగ్గర తలకు గుడ్డ చుట్టుకున్న మలాయ్ ఆవిడ నిలబడి ఉంది. మర్యాదగా చేయి అడ్డం పెట్టింది.

"పిల్లలెవరూ లేరా మక్‌చిక్?" అంది, మలాయ్‌లో ఆంటీ అన్నట్టు.

కమలం మలాయ్‌లోనే చెప్పింది, "మనవలు లోపలున్నారు."

"పిల్లలు పక్కన లేకుండా పెద్దవాళ్లను వదలకూడదు మక్‌చిక్. ఇది పిల్లల తోట. బోర్డు చూడండి. మీవాళ్లకు ఫోన్ చేయండి, ఎవరో ఒక పిల్లని పంపిస్తారు."

కమలం ఫోన్ చాప మీదే ఉంది. సరేనన్నట్టు తల ఊపింది. వెంటనే వెనక్కి తిరగలేదు. కంచె సందుల్లోంచి లోపల ఒక చెట్టు, దాని మీద కట్టిన చెక్క ఇల్లు, ఊగే వంతెన కొద్దిగా కనబడుతున్నాయి. వచ్చినందుకు అది చూసి పోదామనుకుంది.

అప్పుడే వర్షిత గేట్లోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. కమలాన్ని చూసి ఆగింది.

"నానమ్మా, కౌశిక్ టవల్. ఫుల్లీ వెట్ ఆల్రెడీ." తరవాత చుట్టూ చూసి, "నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?"

"లోపలికి వద్దామని" అంది కమలం. ఆ మాట బయటికి అనడం అంత తేలికని ఆమె అనుకోలేదు. "పిల్లలు లేకపోతే వదలరంట."

వర్షిత చాప దగ్గరకెళ్లి టవల్ లాక్కొని తిరిగొచ్చింది. గేటు దగ్గర ఆవిడ ఈసారి పిల్ల వంక చూసింది. "నీతో పెద్దవాళ్లెవరు గర్ల్? చిన్నపిల్లలు ఒక్కరే తిరగకూడదు."

"హర్" అంది వర్షిత, కమలం చేయి పట్టుకుని.

"అప్పుడు ఇద్దరికీ సరిపోయింది" అని ఆవిడ పక్కకు జరిగింది.

"సంచులో?" అంది కమలం, గేటులో ఒక కాలు పెట్టి.

"నోబడీ టేక్ లా, నానమ్మా. అందులో పులిహోర తప్ప ఏముంది?"

లోపల మొదట కనబడింది ఆకులు ఊడుస్తున్న ఒక బంగ్లాదేశ్ కుర్రవాడి పొడుగు చీపురు. అలవాటుగా కమలం అతని కుప్ప తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచింది. ఆ తరవాత నీళ్లు. నేలలోంచి చిమ్ముతున్న నీళ్ల మధ్య కౌశిక్ పిడికిళ్లు బిగించి నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచిన సురేన్ వాడి వెనక ఉన్నాడు. తల్లిని చూశాడు. మొహం తెల్లబోయింది.

"అమ్మా, సంచులు?"

మొదటిమాట అదే. కమలానికి ఎక్కడో కలుక్కుమంది. కానీ నిన్నటినుంచీ ఆలోచిస్తున్న మనిషి కాబట్టి, ఆ మాట నేర్పింది ఎవరో కూడా ఆమెకు తెలుసు.

"అక్కడే ఉన్నాయి" అంది.

"ఎవరున్నారు దగ్గర?"

"ఎవరూ లేరు."

సురేన్ శర్మిల వంక చూశాడు. శర్మిల కౌశిక్ తల తుడుస్తూ అత్తగారి తడిసిన పాదాలను చూస్తోంది. "ఉండనీ సురేన్" అంది నెమ్మదిగా.

"పాస్‌లు అందులోనే ఉన్నాయి, ఇంటి తాళాలు కూడా. ఒక్కసారి చూసొస్తా" అంటూ అతను తడికాళ్లతో గేటు వైపు పరుగుతీశాడు.

కమలం అతని వెనక వెళ్లబోయింది. చేతిని వర్షిత వదల్లేదు. "కమ్ లా" అంది.

చెట్టు మీది ఇంటికి మెట్లున్నాయి. కమలం ఎక్కింది. ఊగే వంతెన మీద మొదట రెండు తాళ్లనూ పట్టుకుంది, సగంలో ఒకటి వదిలేసింది. చెరువులో రాళ్ల మీంచి దాటేటప్పుడు శర్మిల చేయి అందించింది. కమలం పట్టుకుంది. అత్తా కోడళ్లు అలా చేయి పట్టుకుని ఎన్నాళ్లయిందో ఇద్దరూ అనుకోలేదు గానీ, అవతలి గట్టు చేరాక కూడా కొంచెంసేపు వదల్లేదు. జారుడుబల్ల దగ్గర ముందు వద్దంది. కౌశిక్ కింద నిలబడి, "నానమ్మా, నాట్ స్కేరీ వన్" అని ధైర్యం చెప్పాడు. చీర కుచ్చిళ్లు రెండు మోకాళ్ల మధ్యకు లాక్కుని కూర్చుంది. కిందికి వచ్చేశాక, తాను అరిచిందో లేదో ఆమెకు తెలియలేదు. అరిచిందని వర్షిత చెప్పింది.

"అప్పా ఏడీ?" అన్నాడు కౌశిక్ ఉన్నట్టుండి.

గంట దాటింది. శర్మిల ఫోన్ కోసం వెతుక్కుంది. అది హ్యాండ్‌బ్యాగులో ఉంది. హ్యాండ్‌బ్యాగు చాప మీద ఉంది.

నలుగురూ కంచె దగ్గరకు వెళ్లి చూశారు. గేటు దగ్గర సురేన్ మలాయ్ ఆవిడతో చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆవిడ మర్యాదగా తల అడ్డంగా ఊపి బోర్డు చూపించింది. అతను చాప దగ్గరకు వెళ్లాడు. కూర్చున్నాడు. ఫోన్ తీసి కలిపాడు. పక్కనే ఉన్న హ్యాండ్‌బ్యాగులో మోగుతుంటే దాని వంకే చూస్తూ ఫోన్ కట్టేశాడు. కౌశిక్ చెప్పులు తిరగబడి ఉంటే తీసి జతగా పెట్టాడు. నీడ జరిగిపోయింది, చాప సగం ఎండలో ఉంది. లాగడానికి లేచాడు, సంచులు అడ్డం వచ్చాయి, మళ్లీ కూర్చున్నాడు.

"పాపం" అంది శర్మిల. ఆ మాటలో నవ్వుంది. నవ్వు వెనకే ఇంకేదో తోచినట్టు ఆగి, అత్తగారి వైపు చూసింది. "అత్తా, మంగళవారం మీరు రెండు గంటలు..." అని పూర్తి చేయలేదు.

"వర్షితను పంపుదామా?" అంది కమలం.

"పళ్ల చెట్లు ఇంకా చూడలేదు" అంది వర్షిత.

కమలం కొడుకును మరోసారి చూసింది. పిల్లాడు ఎండలో ఉన్నాడు. కానీ సీసాల్లో నీళ్లు పక్కనే ఉన్నాయి, గొడుగు పక్కనే ఉంది, వయసు ముప్ఫై ఎనిమిది.

"చూసొద్దాం" అంది.

వాళ్లు బయటికి వచ్చేసరికి సురేన్ గొడుగు తెరుచుకుని కూర్చున్నాడు. అన్నం మూత తియ్యలేదు. పిల్లలు మీద పడితే నవ్వాడు గానీ, ముందుగా చేసిన పని లేచి టాయ్‌లెట్‌కు పరుగెత్తడం. కమలం అలవాటుగా పళ్లేలకు చేయి చాపితే, "నువ్వు కూర్చో" అని తనే తీసుకున్నాడు. పులిహోర తల్లికి ముందు వడ్డించాడు. చెంచా పట్టడం సరిగా రాక మెతుకులు చాప మీద పోశాడు.

"ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకున్నాను" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

"అవును. అలాగే అనిపిస్తాది" అంది కమలం.

"నీకు కాళ్ల నొప్పులనుకున్నానమ్మా. నిజంగానే."

"నేనూ చెప్పలేదు కదా."

అతను మెతుకులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. లోపలినుంచి మళ్లీ పిల్లల కేకలు వినబడ్డాయి. తల ఎత్తి అటు చూశాడు.

"ఆ నీళ్లు తప్ప నేనేమీ చూడలేదు. ఏముంది లోపల?"

కౌశిక్ నోరు తెరిచాడు. శర్మిల వాడి నోట్లో గుడ్డు ముక్క పెట్టింది. వర్షిత మాత్రం ఊరుకోలేక, "నానమ్మ స్లైడ్ మీద..." అని మొదలుపెట్టింది.

"నేను చెప్తాను. నువ్వుండు" అంది కమలం.

పళ్లెం ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది. సురేన్ మధ్యలో అడ్డుగా ఉన్న సంచుల్ని రెండు చేతులా వెనక్కి తోసి, తల్లి ఎదురుగా జరిగి కూర్చున్నాడు.

"గేటు దాటగానే ఒక కుర్రాడు ఆకులు ఊడుస్తున్నాడు" అంది కమలం. "అక్కడినుంచి చెప్తాను. తొందరపెట్టకు."

బోని అప్పలనరసమ్మ
వయసు అరవై తొమ్మిది
వుడ్‌ల్యాండ్స్, సింగపూర్